బాపు పేరు తర్వాత

ఆ రేకు డబ్బా మూత తీస్తే ఇప్పటికీ ఆముదం వాసన వస్తుంది. తాజా ఆముదం వాసన కాదు. దీపం ఆర్పిన తర్వాత వత్తి నుంచి లేచి కాసేపు గదిలోనే తిరిగే మాడు వాసన. ఒకప్పుడు మిషను దవాఖానలో దొరసాని మా నాయినమ్మకు బిస్కట్లు పోసి ఇచ్చిన డబ్బా అది. మూత మీది గుర్రబ్బండి బొమ్మ అరిగిపోయి ఇప్పుడు ఒక చక్రం మాత్రమే మిగిలింది. లోపల చింతగింజలున్నాయి. పోయిన నెల మొయినాబాద్‌లో మా చిన్నమ్మను సమాధి చేసి తిరిగి వస్తుంటే ఆమె కోడలు దీన్ని నా చేతిలో పెట్టి, నీకే ఇయ్యమన్నదని, గింజలెందుకు దాచుకున్నదో తనకు తెలియదని చెప్పింది. నాకు తెలుసు. బస్సులో ఒళ్లో పెట్టుకుని నగరానికి వచ్చాను. మూడు రోజులు మూత తీయలేదు.

నా చిన్నతనంలో మా ఇల్లు మొయినాబాద్ నుంచి చేవెళ్లకు పోయే బాటకు దిగువన, ఊరికి కొంచెం ఎడంగా, ఏడెనిమిది క్రైస్తవ కుటుంబాలున్న వాడలో ఉండేది. మేము బాపు అని పిలిచే మా నాన్న ఆ వాడలోని మిషను బడికి పంతులు. బడి అంటే ఒకటే గది. ఆదివారం పలకలు మూలకు చేరి అదే ప్రార్థన గది అయ్యేది. చుట్టూ ఆముదపు చేలు, జొన్న చేలు. చలికాలంలో వాకిట్లో ఎండబోసిన ఆముదపు కాయలు ఎండకు పటపట పగిలి గింజలు గోడదాకా ఎగిరిపడేవి. మేము వాటిని ఏరి గంపలో వేసేవాళ్లం. వేళ్లకు అంటిన జిడ్డు సాయంత్రం రొట్టె తుంచేటప్పుడు కూడా తెలిసేది. వానాకాలంలో గండిపేట చెరువు మీదుగా వచ్చే గాలికి కప్పు మీది గడ్డి తడిసి, పొయ్యి పొగ బయటికి పోక, ఇల్లంతా కళ్లు మండేవి. క్రిస్మసుకు వారం ముందు నుంచి, అవ్వ అని మేము పిలిచే మా అమ్మా, చిన్నమ్మా కలిసి అరిసెలకు బియ్యం దంచేవారు, గరిజెలకు నువ్వులు వేయించేవారు. పండుగనాడు షావుకారు ఇంటికీ పటేలు ఇంటికీ మా ఇంటి నుంచి బెల్లం, పప్పు పోయేవి, వండినవి పోయేవి కావు. ఎందుకని అడిగితే, వాళ్లు మన చేతిది తినరు, మన మంచి మాట తీసుకుంటే చాలు అనేది నాయినమ్మ.

అయితే నాకు బాగా గుర్తున్నవి పండుగలు కావు, మామూలు సాయంత్రాలు. కోళ్లను గంప కింద కమ్మడం, మేకను లోపల కట్టడం, జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిపులుసుతో తినడం, చెంబుతో నీళ్లు పోసుకుని అందరూ వాకిట్లో కాళ్లు కడుక్కోవడం, చివరికి నాయినమ్మ తానే వచ్చి తలుపు గొళ్లెం పెట్టడం, ఇవన్నీ ఎప్పుడూ అదే వరుసలో జరిగేవి. తర్వాత ఆముదం దీపం చుట్టూ చాప మీద కూర్చునేవాళ్లం. బాపు గ్రంథంలోంచి కొంచెం చదివేవాడు. ఒక పాట పాడేవాళ్లం, చిన్నమ్మ గొంతు ముందు, మిగతా అందరం వెనుక. అప్పుడు నాయినమ్మ ఈ డబ్బా తెరిచేది.

నాయినమ్మకు చదువు రాదు. బాప్తిస్మానికి ముందు ఆమె పేరు పోచమ్మ, తర్వాత శారమ్మ అయింది. ఊరివాళ్లు చివరిదాకా పోచవ్వ అనే పిలిచారు, ఆమె పలికేది. పడుకోబోయే ముందు ఇంట్లోవాళ్లను పేరు పేరునా దేవుడికి అప్పగించాలని మా పాస్టరు అయ్యగారు చెప్పినప్పుడు, ఎవరినైనా మరిచిపోతానేమోనని భయపడి మనిషికో చింతగింజ పెట్టుకుంది. గింజను వేళ్లతో తడిమి, పేరు చెప్పి, ‘కాపాడు’ అని, కంచుగిన్నెలో వేసేది. ముందు బాపు, తర్వాత బాపు తమ్ముడైన మా చిన్నాయన ఇస్సాకు, తర్వాత కోడళ్లిద్దరు, అంటే అవ్వా చిన్నమ్మా, తర్వాత నేను, చివర మా తమ్ముడు. ఏ గింజ ఎవరిదో ఆమె వేళ్లకు తెలుసు. బాపు గింజకు అంచున చిన్న పెచ్చు ఊడి ఉండేది. నాది సన్నది. చిన్నాయనది అన్నిటికన్నా పెద్దది, నల్లగా, నున్నగా ఉండేది. పుట్టినప్పుడు అంత బరువున్నాడని వెతికి పెట్టిందట.

ఆఖరి గింజ గిన్నెలో పడ్డాక అందరం ఆమేన్ అనేవాళ్లం, ఆమె దీపం ఆర్పేది. ఇక తెల్లవారేదాకా ఎవరూ మాట్లాడకూడదు, దాహమో జ్వరమో అయితే తప్ప. అప్పగించినవాళ్లను మాట్లాడించడమంటే ఇచ్చినదాన్ని మళ్లీ గుంజుకోవడమే అని ఆమె అనుకునేది. ఆ చీకట్లో, ఆర్పిన వత్తి వాసనలో, నా పేరు చేరవలసిన చోటికి చేరిందన్న నమ్మకంతో నాకు నిద్ర పట్టేది. తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను. మనశ్శాంతి గురించి రాసినవి కూడా వాటిలో ఉన్నాయి. గింజ కంచుగిన్నెలో పడిన చప్పుడు చేసిన పని అవేవీ చేయలేదు.

చనిపోయినవాళ్ల పేర్లు చెప్పకూడదు. అయ్యగారు ఈ విషయంలో చాలా పట్టుదలగా ఉండేవారు. మా వాడవాళ్లు ఒక తరం వెనుకటిదాకా పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చినవాళ్లు, పొలిమేరలో కోడిని కోసినవాళ్లు. సాయంత్రం ప్రార్థనలో చచ్చినవాళ్ల పేర్లు మొదలైతే అది మళ్లీ పెద్దల పూజ అవుతుందని ఆయన భయం. చనిపోయినవాళ్లు దేవుడి చేతిలోకి పోయారు, వాళ్ల గురించి ఇక అడగవలసింది లేదు. మా తాత పోయిన రోజున నాయినమ్మ ఆయన గింజను సమాధి మట్టిలో వేసి వచ్చింది. ఆ సాయంత్రం నుంచి ఆయన పేరు చెప్పలేదని, ఒక్కసారి కూడా నాలుక జారలేదని బాపు చెప్పేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, నాకు ఏడేళ్లప్పుడు, చిన్నాయన అస్సాంలో రోడ్లు వేసే పనికి పోయాడు. చేవెళ్ల నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ చాలామందిని తీసుకుపోయారు. చిన్నాయన పొడగరి, నవ్వుతూ మాట్లాడే మనిషి. చిన్నమ్మ రూతమ్మను చేసుకుని అప్పటికి రెండేళ్లు కాలేదు. బయల్దేరేటప్పుడు నాయినమ్మతో, రోజూ నా గింజ తీస్తవు గద, మరి ఫికర్ ఎందుకు అన్నాడు. మొదట్లో రెండు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత ఏమీ రాలేదు. ఏడాది గడిచాక ఒకనాడు, ఆయనతో పాటు పోయిన చేవెళ్ల మనిషి ఒకడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చలిజ్వరంతో చిన్నాయన పోయాడని, గుడ్డ కప్పి మోసుకుపోతుంటే తాను చూశానని చెప్పి, నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కూడా కాళ్లు కడుక్కున్నాం, చాప పరిచాం. నాయినమ్మ పెద్ద గింజను తీసి పక్కన పెట్టి మిగతా పేర్లన్నీ చెప్పింది. చివర, వాడికి ఇక బాధ లేకుండా చేసినందుకు దండం పెట్టుకుంది. చిన్నమ్మ పాట పాడలేదు, ఆమేన్ మాత్రం అందరితో పాటు అన్నది. పొద్దున నాయినమ్మ ఆ గింజను నా చేతికిచ్చి, తాత సమాధి దగ్గర మట్టిలో పెట్టి రమ్మన్నది. తాను పోలేకపోయింది.

నేను పెట్టలేదు. అది పెద్ద గింజ. అష్టాచెమ్మ ఆడడానికి అలాంటి గింజ కావాలని మేము ఎన్నాళ్ల నుంచో వెతుకుతున్నాం. దోవలో బండరాయి మీద అరగదీసి, రెండు చెక్కలు చేసి, దండెం కింది గూట్లో దాచాను. నాకు చిన్నాయన మీద ప్రేమ లేక కాదు. మనిషి పోయాడన్నది ఒక సంగతి, గింజ నా చేతిలో ఉన్నదన్నది ఇంకో సంగతి, ఆ వయసులో రెండూ కలవలేదు. ఆ ఎండాకాలమంతా వాకిట్లో బొగ్గుతో గళ్లు గీసి, ఆ చెక్కలకు ఇంకో గింజ చెక్కలు రెండు కలిపి ఆడాం. ఒక్కోసారి చిన్నమ్మ కూడా పని మాని వచ్చి కూర్చునేది. ఆమె పందెం వేసేటప్పుడు చెక్కలను వెంటనే వదిలేది కాదు, గుప్పిట్లో చాలాసేపు కదిపేది. వెయ్యి చిన్నమ్మా అని మేము విసుక్కునేవాళ్లం.

ఇంకో రెండేళ్లకు చిన్నాయన తిరిగి వచ్చాడు.

జ్వరం మాత్రలు తిని తిని చర్మం పసుపు పచ్చగా మారింది, భుజాలు వంగిపోయాయి. మోసుకుపోయినది వేరే మనిషిని. ఈయనను ఇంకో దవాఖానకు పంపారు, అక్కడి నుంచి ఇంకో చోటికి. రాయించిన ఉత్తరాలేవీ మాకు చేరలేదు. వాడంతా వచ్చి చుట్టూ మూగింది. పక్కింటి మల్లవ్వ దగ్గరికి రాకుండా దూరం నుంచే ఆయన పాదాల వైపు చూసి, “కాళ్లు ముందటికే ఉన్నయి, మనిషే” అన్నది. “నీడ గూడ ఉన్నది అత్తా, జర జూస్కో” అన్నాడు చిన్నాయన. అందరూ నవ్వారు. నేను మాత్రం నిజంగానే నీడ చూశాను. చిన్నమ్మ నవ్వలేదు, ఏడవలేదు, పొయ్యి ముందు కూర్చుని ఆరిన పొయ్యిని ఊదుతూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం కోడిని కోశారు. కాళ్లు కడుక్కున్నాం, చాప పరిచాం. చిన్నాయన తన పాత చోట్లో, బాపు పక్కన కూర్చున్నాడు. నాయినమ్మ డబ్బా తెరిచింది. బాపు పేరు, కాపాడు. రూతమ్మ, కాపాడు. వేళ్లు రెండేళ్లుగా పోతున్న దారినే పోయాయి. అవ్వ, నేను, తమ్ముడు. ఆమేన్. దీపం ఆరింది. నేను కళ్లు మూసుకోకుండా ఆయననే చూస్తున్నాను కాబట్టి, దీపం ఆరేముందు ఆయన ముఖం చూశాను. ఇంకా వినబోతున్న మనిషి ముఖం అది.

చీకట్లో ఆయన తన తల్లిని పిలిచిన గొంతు వినబడింది. “అవ్వా, నా పేరు జెప్పలే.”

“ఎప్పటిసంది జెప్తలేవు?” అన్నాడు మళ్లీ. ఆ వేళ మాట్లాడకూడదన్న నియమం ఒకటి ఉన్నది గనుక మేమందరం దాని వెనుక దాక్కున్నాం.

పొద్దున్నే నాయినమ్మ నన్ను పిలిచి, గింజ ఎక్కడ పెట్టినవో చూపించమన్నది. తాత తలవైపున పెట్టానని చెప్పాను. ఆమె ఒక్కతే పోయింది. మధ్యాహ్నం వచ్చింది, గోళ్లనిండా మట్టి. చీమలు పట్టుకపోయినయేమో అన్నది, నన్ను ఏమీ అనలేదు. ఆమె లోపలికి పోగానే దండెం కింది గూట్లో చూశాను. చెక్కలు లేవు. తమ్ముడు ఎక్కడో పారేసి ఉంటాడనుకున్నాను. దొరక్కపోవడమే మంచిదనుకున్నాను కూడా.

ఏ గింజైనా గింజే గదా అని బాపు ఇంకోటి తెచ్చి ఇచ్చాడు. ఆమె తీసుకుని చాలాసేపు చూసింది. “సచ్చిండని ఆయనకు జెప్పిన,” అన్నది. “బాధ తీసినవని దండం గూడ పెట్టిన. ఇప్పుడు ఏ మొఖంతోటి అడగాలె?” దేవుడికి తెలియదా అన్నాడు బాపు. “ఆయనకు తెలుసు. నేను ఇడిసిపెట్టిన్నని గూడ తెలుసు.” బాపు బడికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆమె చిన్నాయన పేరు చెప్పకపోలేదు. కానీ అందరి తర్వాత, మా తమ్ముడి గింజ కూడా పడ్డాక, ఆగి, అడగడానికి సిగ్గుపడే మనిషిలా చెప్పేది. ‘కాపాడు’ అన్న మాట సగమే వినబడేది. చిన్నాయన దాన్ని నవ్వులాటగా తీసుకోవాలని చూశాడు. “పుట్టుడుల రెండోటోన్ని, పేర్లల్ల పోరగాండ్ల ఎనుక” అని మల్లవ్వతో అన్నాడు. కానీ ఆయనకు నిద్ర లేదు. దీపం ఆర్పాక మేము పడుకునేవాళ్లం, ఆయన గొళ్లెం తీసుకుని వాకిట్లోకి పోయేవాడు. కోళ్ల గంప దాకా పోయి, మళ్లీ వచ్చేవాడు. ఆ అడుగుల చప్పుడు వింటూ నేను దుప్పటి కప్పుకునేదాన్ని. పేరు చెప్పకపోతే మనిషి ఇలా బయటే ఉండిపోతాడని నాకు అనిపించేది. నాయినమ్మ కూడా మేలుకునే ఉండేది, ఆమె ఊపిరి నాకు తెలుసు. నెల రోజుల్లో ఇద్దరూ చిక్కిపోయారు. పొద్దున ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కారు. ఇట్లనే ఉంటే వాడు మళ్లా ఎటన్న పోతడని అవ్వ బాపుతో అనగా విన్నాను.

ఒకనాడు పొద్దుగూకేవేళ చిన్నాయన వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను ఆ పక్కనే ఆముదాలు ఏరుతున్నాను. లోపల చిన్నమ్మ రొట్టెలు కొడుతున్న చప్పుడు వస్తున్నది. ఆయన నన్ను చూసి కాదు, ఊరికే, అక్కడి సంగతి మొదలుపెట్టాడు. వెదురు గుడిసెలు, ఆగని వాన, జలగలు, పక్క మంచం మీద పొద్దుటికి లేవని మనుషులు.

“పొద్దుగూకినంక, ఇప్పుడు అవ్వ డబ్బా తీస్తుంటది అనుకుంటుంటి బిడ్డా. అన్న పేరు అయింది, ఇగ నాది అనుకుంటుంటి. నా గింజ గిన్నెల పడ్డదనుకున్నంక పండుకుంటుంటి. రోజు గట్లనే. అది లేదని తెలిస్తే ఆడనే పోతుంటినేమో.”

నాకు భయం వేసింది. ఆయన మీద జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది, కానీ మొదట కలిగింది భయమే. ఆ గింజను చెక్కలు చేసింది నేనే.

“నేను జెప్పిన చిన్నాయనా,” అన్నాను. “నాయినమ్మ ఇడిసిపెట్టినంక నేను జెప్పిన.”

ఆయన నా వైపు తిరిగాడు. “రోజా?”

“రోజు. మనసుల.”

లోపల రొట్టెల చప్పుడు ఆగిపోయింది.

తర్వాత చిన్న గొంతుతో, పిల్లవాడు అడిగినట్టు అడిగాడు. “బాపు పేరైనంకనా?”

“ఆ. బాపు పేరైనంకనే.”

ఆయన తల ఊపాడు. లోపల రొట్టెల చప్పుడు మళ్లీ మొదలైంది.

ఆ సాయంత్రం దీపం ఆరాక నేను చెవులు రిక్కించి పడుకున్నాను. గొళ్లెం తీయలేదు. అడుగులు వినబడలేదు. కాసేపటికి ఆయన గురక వినబడింది, ఇంకాసేపటికి నాయినమ్మ ఊపిరి కూడా నెమ్మదించింది. ఇంట్లో మేలుకున్నది నేను ఒక్కదాన్నే. అప్పటి నుంచి ఆ చీకటి నాకు మునుపటిలా లేదు. నాయినమ్మ నా పేరు చెప్పి గింజను గిన్నెలో వేసినప్పుడు, అబద్ధమాడిన పిల్ల పేరు ఎంతదూరం పోతుందని ఆలోచించేదాన్ని. ఆ మాట చిన్నాయనే నాయినమ్మకు చెప్పాడు కాబోలు, కొన్నాళ్లకు ఆమె ఆయన పేరును మళ్లీ బాపు పేరు తర్వాతికి మార్చింది. నా తల నిమిరింది. ఆ చేతి బరువు ఇప్పటికీ నా నెత్తి మీద ఉన్నది.

నాయినమ్మ పోయాక పేర్లు చెప్పే పని చిన్నమ్మకు వచ్చింది, డబ్బా కూడా. నేను చదువుకుని, పంతులమ్మనై నగరంలో స్థిరపడ్డాను. చిన్నాయన అజీజ్‌నగర్ వైపు తోటల్లో పనిచేస్తూ చాలా ఏళ్లు బతికాడు. ఎప్పుడు కలిసినా నన్ను ఇతరులకు పరిచయం చేస్తూ, నేను లేనప్పుడు నన్ను ఇడిసిపెట్టని బిడ్డ అనేవాడు. నిజం చెప్పాలని రెండుసార్లు బస్సెక్కాను. ఆయన ముఖం చూసి, చాయ తాగి తిరిగి వచ్చాను. ఆయన నిద్రలోనే పోయాడు. సమాధి దగ్గర అందరూ అది మంచి చావు అన్నారు.

చిన్నమ్మ పోవడానికి నెల ముందు చూడబోయాను. మంచంలో ఉన్నది, మాట స్పష్టంగానే ఉన్నది. ఇంట్లో ఎవరూ లేరు. యాభై ఏళ్ల నుంచి దాచుకున్న ఆ అబద్ధాన్ని ఆమెకు చెప్పాను. ఆమె కళ్లు కూడా తిప్పలేదు.

“ఎరుకనే,” అన్నది. “నువ్వు ఆ మాట అనకుంటే నేనందును. నోటిదాక వచ్చె. నువ్వు ముందుగాల అన్నవు.”

నేను దుప్పటిని ఆమె భుజాల దాకా సర్దాను.

“నేను గూడ జెప్పలే బిడ్డా. పెండ్లాన్ని. అయ్యగారు వద్దన్నడని ఒక్కనాడన్న జెప్పలే.”

అంతకుమించి మేము మాట్లాడుకోలేదు. ఆమె దాహమన్నది, నీళ్లు పట్టాను.

ఇప్పుడు ఆ వాడ లేదు. బాటకు రెండు వైపులా ఫామ్‌హౌస్‌ల గోడలు, గేట్లు, గేట్ల దగ్గర కాపలా మనుషులు. ఆముదపు చేను ఒక్కటి కూడా కనబడలేదు. బడి గది ఉన్న చోట పెద్ద చర్చి కట్టారు, సాయంత్రం ప్రార్థన మైకులో చిల్కూరు బాటదాకా వినబడుతుంది. అది అయిపోగానే అందరూ ఒక్కసారిగా మాట్లాడతారు. దీపం ఆరాక వచ్చే ఆ నిశ్శబ్దం ఏ ఇంట్లోనైనా మిగిలి ఉన్నదేమోనని చిన్నమ్మ మనవరాలిని అడిగాను. నా ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు.

నాలుగో రోజు డబ్బా మూత తీసి గింజలను బల్ల మీద పోశాను. పోయినవాళ్ల గింజలను చిన్నమ్మ మట్టిలో వేయలేదు, పెచ్చు ఊడిన బాపు గింజ ఉన్నది. నా సన్నని గింజ ఉన్నది. బాపు తెచ్చిన కొత్త గింజ కూడా ఉన్నది. అడుగున ఒక పాత గుడ్డపేలికలో ముడివేసి రెండు చెక్కలున్నాయి. పెద్దవి, ఒకవైపు నల్లగా, ఒకవైపు అరిగి తెల్లగా. తాత సమాధి దగ్గర నాయినమ్మ మట్టి తవ్విన రోజు కూడా అవి చిన్నమ్మ దగ్గరే ఉన్నాయన్నమాట. రెంటినీ చేర్చి చూశాను. సరిగ్గా అతకలేదు, మధ్యలో నేను అరగదీసినంత మేర లేదు.

నిన్న సాయంత్రం కాళ్లు కడుక్కుని, తలుపు వేసి, కూర్చున్నాను. గింజలన్నిటిలో బతికి ఉన్నవాళ్లవి రెండే, తమ్ముడిదీ నాదీ. అయ్యగారి మాట ప్రకారం చెప్పవలసిన పేర్లు ఆ రెండే. నేను బాపు గింజ తీసి పేరు చెప్పాను. తర్వాత రెండు చెక్కలూ కలిపి పట్టుకుని చిన్నాయన పేరు చెప్పాను, మనసులో కాదు, పైకి. దీపం లేదు గనుక స్విచ్చి నొక్కి లైటు ఆర్పాను. ఆ తర్వాత ఫోను మోగింది. ఎత్తలేదు. తెల్లవారేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.